జనాభా ప్రొజెక్షన్ సాఫ్ట్‌వేర్‌కు డేటా సిద్ధం చేయడం ఎలా? తెలంగాణ ఉదాహరణతో

"సెన్సస్ పట్టిక డౌన్‌లోడ్ చేశాను, ఇప్పుడు దీన్ని స్పెక్ట్రమ్‌లో ఎక్కడ పేస్ట్ చేయాలి?" రాబోయే ఏళ్ల జనాభాను అంచనా వేసే (ప్రొజెక్షన్) సాఫ్ట్‌వేర్ స్పెక్ట్రమ్ వాడేవాళ్ల నుంచి ఈ ప్రశ్న తరచూ వస్తుంటుంది. పేస్ట్ చేయడం రెండు నిమిషాల పని. ఆ పట్టిక పేస్ట్ చేయడానికి తయారుగా ఉందా లేదా అన్నదే అసలు సంగతి. సాఫ్ట్‌వేర్ మీరు ఏ అంకెలిచ్చినా తీసుకుంటుంది, 2036 దాకా చక్కటి గ్రాఫు కూడా గీసి ఇస్తుంది. తప్పుంటే దానంతటది చెప్పదు. నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో తప్పులు చాలావరకు మూడే చోట్ల కనిపిస్తాయి: సరిహద్దు, తేదీ, యూనిట్.

ఇక్కడ తెలంగాణను ఉదాహరణగా తీసుకుంటున్నాను. బేస్ ఏడాది (లెక్క మొదలయ్యే ఏడాది) 2011, సాఫ్ట్‌వేర్ స్పెక్ట్రమ్‌లో జనాభా అంచనాలు వేసే భాగమైన డెమ్‌ప్రోజ్. ఇది ఉచితం. మీరు వేరే ప్రోగ్రామ్ వాడుతున్నా, ఎక్సెల్‌లో సొంతంగా లెక్క వేస్తున్నా డేటా తయారీ దాదాపు ఇదే.

"2011 నాటి లెక్కలు ఇంకా ఎందుకు?" అని అడిగేవాళ్లుంటారు. 2021 సెన్సస్ జరగలేదు. తర్వాతి సెన్సస్ రిఫరెన్స్ తేదీ (ఏ రోజు నాటి జనాభాగా లెక్కిస్తారో ఆ తేదీ) 2027 మార్చి 1. దాని వయసు పట్టికలు వచ్చేదాకా వయసు, లింగం వారీగా పూర్తి లెక్క 2011దే. 2024 చివర్లో తెలంగాణ ప్రభుత్వం చేసిన ఇంటింటి సర్వేను బేస్‌గా తీసుకోవచ్చా అని కూడా అడుగుతున్నారు. అందులో 96.9 శాతం కుటుంబాలు, సుమారు 3.54 కోట్ల మంది వివరాలు నమోదయ్యాయి. మిగిలిన కుటుంబాలను మీరు ఊహించి కలపాలి. పైగా సర్వే వారాల తరబడి సాగింది కాబట్టి సెన్సస్‌లా ఒక్క రిఫరెన్స్ తేదీ ఉండదు. బేస్‌గా వద్దు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- 2011 సెన్సస్ సి-14 పట్టిక (ఐదేళ్ల వయసు గ్రూపులు), సి-13 పట్టిక (ఒక్కో ఏడాది వయసు). రెండూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌వి, రాష్ట్ర కోడ్ 28.
- ఎస్‌ఆర్‌ఎస్ (శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్, జనన మరణాల రేట్లు తేల్చే ప్రభుత్వ శాంపిల్ సర్వే) వార్షిక రిపోర్టులు, 2011 నుంచి.
- ఎస్‌ఆర్‌ఎస్ జీవిత పట్టికలు (లైఫ్ టేబుల్స్), అంటే వయసులవారీగా మరణాలు, ఆయుర్దాయం లెక్కలు.
- జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో, ఐదో విడతల రాష్ట్ర ఫ్యాక్ట్ షీట్లు. సరిచూసుకోవడానికి మాత్రమే.
- వలస లెక్కించాలనుకుంటే 2001 సి-14, 2011 డి-సిరీస్ (సెన్సస్ వలస) పట్టికలు.
- జాతీయ జనాభా కమిషన్ టెక్నికల్ గ్రూప్ 2011–2036 ప్రొజెక్షన్ రిపోర్టు. ఆఖర్లో పోల్చడానికి.

ఎక్సెల్‌లో మూడు షీట్లు తెరవండి: ముడి, సవరణ, ఇన్‌పుట్. ముడి షీట్‌లో ఒక్క అంకె కూడా మార్చకండి. సవరణ షీట్‌లో ఫార్ములాలుంటాయి. సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లేది ఇన్‌పుట్ షీట్ మాత్రమే.

1. సరిహద్దు తేల్చుకోండి

2011లో తెలంగాణ రాష్ట్రం లేదు. సి-14లో కోడ్ 28 కింద 23 జిల్లాలుంటాయి, వాటికి 532 నుంచి 554 వరకు కోడ్‌లు. తెలంగాణవి మొదటి పది, 532 (ఆదిలాబాద్) నుంచి 541 (ఖమ్మం) వరకు.

ఈ పదీ కూడితే 3,51,93,978 వస్తుంది. ఇదే తెలంగాణ జనాభా అనుకుని ముందుకెళ్లిపోయేవాళ్లు చాలామంది. 2014లో పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుకునూరు, వేలేరుపాడు మండలాలు, పట్టణం మినహా భద్రాచలం మండలం, బూర్గంపాడు మండలంలో కొన్ని ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ఇప్పటి సరిహద్దుల ప్రకారం తెలంగాణ 2011 జనాభా 3,50,03,674. తేడా 1,90,304.

మండలాల స్థాయిలో సి-14 దొరకదు. అందుకే ఆ తేడాను ఖమ్మం జిల్లా నుంచి వయసుల వారీగా ఒకే నిష్పత్తిలో తీసేయండి. ఖమ్మం జనాభా 27,97,370. తీసేస్తే 26,07,066. అంటే ఖమ్మం ప్రతి వయసు గ్రూపునూ 0.93197తో గుణించాలి. ఆ మండలాల్లో ఆదివాసీ జనాభా ఎక్కువ, వయసుల తీరు కాస్త వేరుగా ఉండొచ్చు. కానీ రాష్ట్రం మొత్తంలో ఇది అర శాతం పైచిలుకే, ఈ సర్దుబాటు చాలు.

చూసుకోండి: చివరికి మగవాళ్లు 1,76,11,633, ఆడవాళ్లు 1,73,92,041 రావాలి. నిష్పత్తి లెక్క కాబట్టి కొద్ది తేడా ఉంటే లింగం వారీగా ఈ మొత్తాలకు సర్దండి. వేలల్లో తేడా వస్తే ఏదో జిల్లా తప్పిపోయినట్టే.

ఆంధ్రప్రదేశ్‌కు చేస్తున్నవాళ్లు ఇదే లెక్కను తిప్పి వేసుకోవాలి: 13 జిల్లాల మొత్తం 4,93,86,799, దానికి 1,90,304 కలిపితే 4,95,77,103.

ఇప్పటి 33 జిల్లాలకు విడివిడిగా చేయాలంటారా? జగిత్యాలకో ములుగుకో 2011 వయసు పట్టిక లేదు. వయసుల విషయంలో మండల స్థాయిలో మొత్తం జనాభా, 0–6 పిల్లల సంఖ్య మాత్రమే దొరుకుతాయి. పాత జిల్లా వయసుల తీరును అరువు తెచ్చుకుని ఇలాంటి ప్రోగ్రామ్ నడిపితే వచ్చే కచ్చితత్వం పైపైదే. రాష్ట్రానికి ప్రొజెక్షన్ చేసి, జిల్లాల వాటాలతో పంచడం మేలు.

2. పట్టికను శుభ్రం చేయండి

ఇది విసుగు పని, కానీ ఇక్కడే ఫైళ్లు పాడవుతాయి.

- వయసు గ్రూపులను కాపీ చేసినప్పుడో, సీఎస్‌వీ ఫైల్‌గా తెరిచినప్పుడో ఎక్సెల్ 5-9ని, 10-14ని తేదీలుగా మార్చేస్తుంది. ఆ రెండు గ్రూపులు సరిపోలక ఫార్ములా సున్నా చూపిస్తుంది, మీరు గమనించరు. ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా పెట్టండి.
- ప్రతి జిల్లాకూ "అన్ని వయసులు" అనే వరుస ఉంటుంది. దాన్ని కూడా కలిపి కూడితే జనాభా రెట్టింపు. మొత్తం, గ్రామీణ, పట్టణ కాలమ్‌లతోనూ ఇదే ప్రమాదం.
- డెమ్‌ప్రోజ్‌లో ఆఖరి గ్రూపు 80 పైన. సి-14లోనూ అంతే కాబట్టి ఇబ్బంది లేదు. మీ సాఫ్ట్‌వేర్ 85, 90 దాకా అడిగితే సి-13 నుంచి విడగొట్టండి.
- సంఖ్యలు పూర్తిగా ఇవ్వాలా, వేలల్లోనా అన్నది ఎడిటర్ (సాఫ్ట్‌వేర్‌లో అంకెలు ఎక్కించే తెర) పైభాగంలో చూడండి. యూనిట్ తప్పితే తెలంగాణ జనాభా 35 వేలో, 3,500 కోట్లో అవుతుంది. ఇది వెంటనే కనిపించే తప్పు కాబట్టి పెద్దగా టెన్షన్ లేదు. కనిపించని తప్పులు ముందున్నాయి.

3. వయసు చెప్పనివాళ్లను పంచండి

సి-14 చివర "వయసు తెలియనివారు" వరుస ఉంటుంది. దీన్ని 80 పైన గ్రూపులో కలిపేయకండి, వదిలేయకండి కూడా. ఆడ, మగ విడివిడిగా అన్ని వయసులకూ దామాషాలో పంచాలి. ఊహాత్మక ఉదాహరణ: మొత్తం 1,00,000 మంది మగవాళ్లు, అందులో వయసు తెలియనివారు 400. అప్పుడు ప్రతి గ్రూపునూ 1,00,000 ÷ 99,600, అంటే 1.00402తో గుణించండి. చివర్లో కూడితే మళ్లీ 1,00,000 రావాలి.

4. వయసుల నాణ్యత చూడండి

మన దగ్గర వయసు అడిగితే "ముప్పై ఐదుంటాయి", "ఓ అరవై రాయండి" అని చెప్పడం మామూలే. దాంతో 0, 5తో ముగిసే వయసుల దగ్గర జనం పోగుపడతారు. ఎంత పోగుపడ్డారో తెలుసుకోవడానికి విపుల్ సూచీ చాలు. సి-13లో 25, 30, 35... 60 వయసుల వాళ్లను కూడండి. దాన్ని 5తో గుణించి, 23 నుంచి 62 వరకు ఉన్న మొత్తంతో భాగించి, 100తో గుణించండి. 100 వస్తే పోగు లేదు. 500 వస్తే అందరూ 0, 5లే చెప్పారని. 125 దాటితే డేటా కచ్చితత్వం తక్కువని, 175 దాటితే చాలా తక్కువని లెక్క.

ఐదేళ్ల గ్రూపుల్లో కొంత పోగు సర్దుకుంటుంది. మిగిలినదాన్ని ఏజ్ రేషియోతో చూడండి: ఒక గ్రూపు సంఖ్యను 200తో గుణించి, దాని ముందు, వెనక గ్రూపుల మొత్తంతో భాగించడమే. ఒక గ్రూపు 110, పక్కది 91, ఆ పక్కది మళ్లీ 109 అని ఎగుడుదిగుడుగా వస్తుంటే కాస్త స్మూతింగ్ (ఎగుడుదిగుళ్లను చదును చేయడం) చేయొచ్చు. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు అతిగా చదును చేయడం. జననాలు తగ్గడం వల్ల వచ్చిన అసలైన గుంత కూడా చెరిగిపోతుంది. పదేళ్ల లోపు పిల్లలకు స్మూతింగ్ అసలు వద్దు.

0–4 గ్రూపు సంగతి వేరు. అది 5–9 కంటే తక్కువుంటే రెండు కారణాలుండొచ్చు: జననాలు తగ్గడం, లెక్కలో పసిపిల్లలు తప్పిపోవడం. తెలుగు జిల్లాల్లో మొదటిది ఖాయంగా ఉంది, రెండోది ఎంతో తేల్చాలి. 2006 నుంచి 2011 వరకు ఎస్‌ఆర్‌ఎస్ జననాల రేటును ఆయా ఏళ్ల జనాభాతో గుణించి, శిశు మరణాలు తీసేయండి. వచ్చిన సంఖ్యకు, సెన్సస్ 0–4కు మధ్య తేడా రెండు మూడు శాతమైతే వదిలేయండి. అంతకు మించితే 0–4ను పెంచి, ఎంత పెంచారో సవరణ షీట్‌లో రాసిపెట్టండి.

5. తేదీని జులై 1కి తీసుకురండి

సెన్సస్ లెక్క 2011 మార్చి 1 నాటిది. డెమ్‌ప్రోజ్ ఏడాది మధ్య జనాభాతో నడుస్తుంది. మధ్యలో 122 రోజులు. 2001–2011 మధ్య తెలంగాణ 13.58 శాతం పెరిగింది, అంటే ఏడాదికి సుమారు 1.27 శాతం. 122 రోజులకు 0.425 శాతం. అన్ని గ్రూపులనూ సుమారు 1.00426తో గుణిస్తే జనాభా దాదాపు 3.515 కోట్లు అవుతుంది.

లక్షన్నర తేడాకు ఇంత అవసరమా అనిపిస్తే మానేయొచ్చు, ఒక షరతు మీద: చివర్లో పోల్చేటప్పుడు మీ ఫలితం మార్చి 1ది అని గుర్తుండాలి. టెక్నికల్ గ్రూప్ రిపోర్టులో మార్చి 1 నాటి అంచనాలు, జులై 1 నాటి అంచనాలు వేర్వేరు పట్టికల్లో ఉన్నాయి. ఒకదాన్ని రెండోదానితో పోల్చి "నా మోడల్ తప్పింది" అని కంగారు పడేవాళ్లున్నారు.

6. సంతాన రేటు: ఒకే వరస పట్టుకోండి

ఇక్కడ రెండు ఇన్‌పుట్‌లు: ఏడాదివారీ టీఎఫ్‌ఆర్ (ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య), వయసులవారీ జననాల పంపిణీ.

ముందు టీఎఫ్‌ఆర్. బేస్ 2011 కాబట్టి 2011 నుంచి 2020 వరకు మీరు ఊహించాల్సిందేమీ లేదు, ఎస్‌ఆర్‌ఎస్‌లో ఉంది. 2013 వరకు ఉమ్మడి రాష్ట్రానిది, ఆ తర్వాత తెలంగాణది. 2013లో 1.8, 2018లో 1.6, 2020లో 1.5. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే నాలుగో విడతలోనూ 1.8, ఐదో విడత (2019–21) లోనూ 1.8. ఒకదాని ప్రకారం తగ్గుతూ వచ్చింది, ఇంకోదాని ప్రకారం కదల్లేదు.

రెంటినీ కలిపి ఒక గీత గీయడం, అంటే 2015కు సర్వే అంకె, 2020కి ఎస్‌ఆర్‌ఎస్ అంకె పెట్టడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. లేని పతనాన్ని మీరే సృష్టించినట్టు. ఒక వరసను ప్రధానంగా తీసుకుని, రెండోదాన్ని ప్రత్యామ్నాయ అంచనాగా నడపండి. నేనైతే ఏటా వస్తుంది కాబట్టి ఎస్‌ఆర్‌ఎస్ తీసుకుంటాను. అదీ శాంపిలే, కనుక మూడేళ్ల సగటు వేసుకోండి. సర్వే టీఎఫ్‌ఆర్ ఇంటర్వ్యూకు ముందు మూడేళ్లదని మర్చిపోకండి, దాన్ని ఏడాదిన్నర వెనక్కి జరిపి పెట్టాలి.

తర్వాత వయసుల పంపిణీ. ఎస్‌ఆర్‌ఎస్ వెయ్యిమంది స్త్రీలకు రేటు ఇస్తుంది, డెమ్‌ప్రోజ్ శాతాలు అడుగుతుంది. లెక్క తీరు తెలియడానికి ఊహాత్మక అంకెలు: 15–19 నుంచి 45–49 వరకు వరుసగా 28, 128, 108, 38, 12, 4, 2. మొత్తం 320. దాన్ని 5తో గుణించి 1000తో భాగిస్తే టీఎఫ్‌ఆర్ 1.6. ఇది రిపోర్టులోని టీఎఫ్‌ఆర్‌తో సరిపోవాలి, లేకపోతే ఏదో వరుస జారింది. ఇప్పుడు ఒక్కోదాన్ని 320తో భాగించి శాతం చేయండి: 8.75, 40, 33.75, 11.875, 3.75, 1.25, 0.625. ఒక్క దశాంశానికి కుదిస్తే ఇవి 8.8, 40.0, 33.8, 11.9, 3.8, 1.3, 0.6 అవుతాయి. కూడి చూడండి, 100.2 వస్తుంది. ఆ 0.2ను పెద్ద గ్రూపు నుంచి తీసేయండి, లేదా రెండు మూడు దశాంశాలు ఉంచండి.

ఎస్‌ఆర్‌ఎస్ అంకెలు అయిపోయాక ఆ తర్వాతి ఏళ్లకు ఏం పెట్టాలన్నది మీ నిర్ణయం. 1.5 నుంచి ఏటా తగ్గించుకుంటూ పోయి 2036కు 1.0కి చేర్చిన ఫైళ్లు వస్తుంటాయి. గీతను పొడిగిస్తే అలాగే వస్తుంది మరి. అలా చేసే ముందు, 1.5 దగ్గరే ఉంచి ఒకసారి నడిపి తేడా చూడండి.

7. పుట్టుకలో ఆడ, మగ నిష్పత్తి

కనిపించని తప్పు అన్నది ఇదే. మన రిపోర్టులు వెయ్యిమంది మగపిల్లలకు ఎందరు ఆడపిల్లలో చెబుతాయి. డెమ్‌ప్రోజ్ వందమంది ఆడపిల్లలకు ఎందరు మగపిల్లలని అడుగుతుంది. 2018–20కి దేశం మొత్తానికి ఎస్‌ఆర్‌ఎస్ అంకె 907. దాన్ని 1,00,000 ÷ 907 అని తిప్పితే 110.3. ఇదీ పెట్టాల్సింది.

907 అని నేరుగా కొడితే పదిమందిలో తొమ్మిదిమంది మగపిల్లలే పుడతారు, గ్రాఫు చూడగానే దొరికిపోతుంది. 90.7 అని పెడితేనే అసలు ప్రమాదం. సాఫ్ట్‌వేర్ కిక్కురుమనదు. ఆడపిల్లలు ఎక్కువగా పుడుతుంటారు, పాతికేళ్లకు తల్లుల సంఖ్య పెరిగి జననాలూ పెరుగుతాయి. ఇక్కడ 100 కంటే తక్కువ అంకె కనిపిస్తే ఆగి చూడండి.

సెన్సస్ 0–6 పిల్లల నిష్పత్తిని దీని బదులు వాడకండి. అందులో మరణాలు, లెక్క తప్పిపోవడం కలిసి ఉంటాయి.

8. ఆయుర్దాయం, మరణాల తీరు

ఆడ, మగ విడివిడిగా పుట్టిననాటి ఆయుర్దాయం ఇవ్వాలి. ఇద్దరికీ ఉమ్మడి అంకె పెట్టకండి. 2014–18లో దేశం మొత్తానికి ఉమ్మడిగా 69.4, కానీ మగవాళ్లకు 68.2, ఆడవాళ్లకు 70.7. తెలంగాణ అంకెలు అదే పుస్తకంలో ఉంటాయి. 2014–18 పట్టిక అంకెను 2016 దగ్గర, 2016–20 అంకెను 2018 దగ్గర పెట్టి, మధ్య ఏళ్లను ఇంటర్‌పొలేట్ చేయండి, అంటే రెండింటి మధ్య అంకెను లెక్కగట్టండి. కోవిడ్ ఏళ్ల తగ్గుదలను ధోరణిగా పొడిగించకండి.

మోడల్ జీవిత పట్టిక (మరణాలు ఏ వయసుల్లో ఎంత ఉంటాయో చెప్పే నమూనా) ఏది ఎంచుకోవాలి? ఐక్యరాజ్యసమితి దక్షిణాసియా నమూనా పేరు చూసి అదే మనదనుకుంటారు. పేరును బట్టి కాక పరీక్షించి ఎంచుకోండి. దక్షిణాసియా, జనరల్, కోల్-డెమెనీ వెస్ట్ మూడింటితో నడిపి, ఒక్కోదానిలో వచ్చిన శిశు మరణాల రేటును ఎస్‌ఆర్‌ఎస్‌తో పోల్చండి. తెలంగాణకు 2020లో అది వెయ్యికి 21. దానికి దగ్గరగా వచ్చిన నమూనానే తీసుకోండి.

9. వలస

ముందు సున్నా వలసతో ఒకసారి నడపండి. తర్వాతే దీని జోలికి రండి.

రాష్ట్రానికి చేసేటప్పుడు "అంతర్జాతీయ వలస" అని ఉన్న గడిలో ఇతర రాష్ట్రాలతో రాకపోకలు కూడా చేరాలి. 2011 డి-సిరీస్‌లో ఒక మెలిక ఉంది. అప్పటికి రాష్ట్రం ఒక్కటే కనుక గుంటూరు నుంచి హైదరాబాద్ వచ్చినవాళ్లు "రాష్ట్రంలోని ఇతర జిల్లాలు" వరుసలో ఉంటారు, నల్గొండ నుంచి వచ్చినవాళ్లూ అదే వరుసలో. మీకు కావాల్సింది మొదటివాళ్లు మాత్రమే. ఇక గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లినవాళ్లు ఆ పట్టికల్లో ఉండరు, లెక్క జరిగేటప్పుడు దేశంలో లేనివాళ్లను సెన్సస్ లెక్కపెట్టదు.

అందుకే శేష పద్ధతి మేలు. 2001 జనాభాను పదేళ్లు బతికించి చూసి (అంటే ఆ పదేళ్ల మరణాలు తీసేసి), 2011 లెక్కలోంచి తీసేయండి. మిగిలింది వలస. పది జిల్లాల సరిహద్దులు ఆ రెండు సెన్సస్‌లకూ ఒకటే కాబట్టి ఇది కుదురుతుంది. ఈ లెక్కను ఖమ్మం సర్దుబాటుకు ముందున్న అంకెలతో చేయండి. వచ్చింది పదేళ్లది, పదితో భాగించి ఏడాది సంఖ్య పెట్టాలి. బయటికెళ్లేవాళ్లు ఎక్కువైతే మైనస్.

వలసను వయసులవారీగా శాతాల్లో ఇవ్వాలి. నికర సంఖ్య (వచ్చినవాళ్లలోంచి వెళ్లినవాళ్లు పోగా మిగిలింది) చిన్నదై, కొన్ని వయసుల్లో ప్లస్, కొన్నింట్లో మైనస్ వస్తే శాతాల్లో ఇమడదు. మొత్తం 2,000 ఉండి 20–24 గ్రూపు మైనస్ 10,000 అయితే శాతం మైనస్ 500. అలాంటప్పుడు ఆ లింగానికి సున్నా పెట్టి, రిపోర్టులో ఆ మాట రాయడమే నయం.

10. ఎక్కించి, సరిచూడండి

దేశం దగ్గర ఇండియా ఎంచుకుని డిఫాల్ట్ డేటా తెచ్చుకుంటే ఐక్యరాజ్యసమితి దేశవ్యాప్త అంచనాలు వచ్చి కూర్చుంటాయి. ప్రతి ఎడిటర్ తెరిచి అన్నిటినీ మార్చాలి. జనాభా ఒక్కటే మార్చి, తెలంగాణ ప్రజలకు ఇండియా టీఎఫ్‌ఆర్ తగిలించిన ఫైళ్లు తక్కువేం కాదు. ఆఖరి ఏడాది దాకా ప్రతి గడీ చూడండి. మొదటి ఏడాది మార్చి మిగతావి వదిలేయడం కూడా మామూలే.

నడిపాక ఈ వరసలో చూడండి.

- 2011 మొత్తం, ఆడ, మగ అంకెలు ఇన్‌పుట్ షీట్‌తో సరిపోవాలి.
- సున్నా వలస ఫలితంలో 2011 నాటి 10–14 గ్రూపు, 2016 నాటి 15–19 గ్రూపు పక్కపక్కన పెట్టండి. రెండోది కొద్దిగా తగ్గాలి. పెరిగిందంటే ఎక్కడో వలస మిగిలిపోయింది.
- 2012–2020 జననాల రేటు, మరణాల రేటు ఎస్‌ఆర్‌ఎస్‌తో పోల్చండి. వెయ్యికి ఒకటి లోపు తేడా పర్వాలేదు. జననాలు పక్కాగా ఉండి మరణాలు తేడాగా వస్తే 80 పైన గ్రూపును, మోడల్ పట్టికను చూడండి.
- 2021, 2026, 2036 ఫలితాలను టెక్నికల్ గ్రూప్ తెలంగాణ పట్టికతో పోల్చండి. అచ్చంగా కలవాల్సిన పని లేదు, వాళ్ల ఊహలు వేరు. తేడా ఏ వయసుల్లో ఉందో చూడండి. పిల్లల్లో అయితే టీఎఫ్‌ఆర్, 20–34లో అయితే వలస, ముసలివాళ్లలో అయితే ఆయుర్దాయం.

ఓటర్ల జాబితాతో పోల్చి టెన్షన్ పడకండి. 2023 అసెంబ్లీ ఎన్నికల నాటికి తెలంగాణలో సుమారు 3.26 కోట్ల ఓటర్లున్నారు. మీ మోడల్లో 18 దాటినవాళ్లు అంతకన్నా బాగా తక్కువ వస్తే కంగారుగా జనాభాను పెంచేయకండి. చనిపోయినవాళ్లు, వెళ్లిపోయినవాళ్లు, రెండుచోట్ల పేరున్నవాళ్లు ఆ జాబితాలో ఉంటారు.

ఫైల్ భద్రం చేసేటప్పుడు పేరులో బేస్ ఏడాది, సరిహద్దు, తేదీ మూడూ పెట్టండి: "తెలంగాణ_2014సరిహద్దు_2011జులై" లాగా. 2027 వయసు పట్టికలు వచ్చినప్పుడు ముడి షీట్ కొత్తదవుతుంది. ఖమ్మం సర్దుబాటు అప్పుడు అక్కర్లేదు, మిగతా ఫార్ములాలు చాలావరకు అలాగే పనికొస్తాయి.